సిలువ చిత్రములు - యథార్థము

శేరిలింగంపల్లి నుండి ఉత్తరముగా బయలుదేరిన వారు పూటలోపల మెదకు చేరవచ్చును. అచ్చటి చర్చిని చూచినవారు శ్రోతలలో అనేకులుందురు. కరవు దినములలో పదిమందికి పని కల్పించి పాస్నెట్ దొర కట్టించిన ఆ మందిరమునకు 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. అందలి మూడు పెద్ద రంగుటద్దపు కిటికీలలో ఒకదానిపై సిలువ దృశ్యమున్నది. నేను దానిని చూచుచుండగా ప్రక్కనున్న బాలుడొకడు, "అమ్మా, అరచేతికి మేకు కొడితే బరువుకు చెయ్యి చిరిగిపోదా?" అని అడిగెను. తల్లి వానిని కసరినది. కాని అది అపచారపు ప్రశ్న కాదు. వైద్యులును అడిగిన ప్రశ్నయే. 1930 ప్రాంతమున బార్బే అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు, అరచేయి బరువు నాపలేదు గనుక మేకు మణికట్టున దిగియుండునని వాదించెను. తరువాతి వైద్యులు కొందరు దానిని ఖండించిరి.

చిక్కేమనగా, ఆ శిక్షను చూచినవారు దానిని చిత్రింపలేదు, చిత్రించినవారు చూడలేదు. రోమనులకది బానిసలకు, తిరుగుబాటుదారులకు విధించు నీచ మరణము. క్రీస్తు పూర్వము 71లో స్పార్టకస్ అనుచరులను ఆరువేల మందిని ఒకే రాజమార్గము పొడవునను సిలువ వేసిరి. దానికొక నియతమైన రూపము కూడ లేదు. కొందరిని తలక్రిందుగా వ్రేలాడదీసిరని సెనెకా వ్రాసినాడు. దోషి సాధారణముగా మోసినది అడ్డుదూలమునే. మన చిత్రములలో మాత్రము సిలువ యంతయు అతని భుజముపైననే యుండును.

రోము నగరమున ఒక గోడపై ఎవడో ఎగతాళికి గీకిన గాడిదతల బొమ్మ మిగిలిన మొదటి సిలువ చిత్రములలో ఒకటి. భక్తులు బహిరంగముగా చెక్కించినది సుమారు 430లో, సాంటా సబీనా ఆలయపు కొయ్య తలుపుపైన. అప్పటికే ఆ శిక్ష రద్దయినది. అందు క్రీస్తు కన్నులు తెరచి నిలిచియున్నాడు. బాధ జాడయే లేదు.

బాధను చూపినవాడు గ్రూనెవాల్డ్. 1512-1516 నడుమ ఐసెన్‌హైమ్ మఠమునకు అతడు చిత్రించిన దేహము నిండ పుండ్లే, వ్రేళ్లు కొంకర్లే. ఆ మఠమున చెడిన ధాన్యము తిని ఒళ్లు మండు రోగముతో బాధపడువారికి శుశ్రూష జరుగుచుండెడిది. ఆ పుండ్లు ఆసుపత్రివి. రోము సిలువవి కావు. అయినను నాకు తెలిసిన చిత్రములలో అంత సత్యమైనది మరొకటి లేదు.

సత్యము కొరకు మరీ దూరము పోయినవారును కలరు. 1801లో లండను రాయల్ అకాడమీ కళాకారులు ముగ్గురు, ఉరితీయబడిన జేమ్స్ లెగ్ అనువాని శవమును సిలువకు కొట్టించి, చర్మము ఒలిపించి, సున్నపుటచ్చు పోయించిరి. చిత్రములలోని భంగిమ తప్పని నిరూపించుట వారి పట్టుదల. అది తలచినప్పుడెల్ల నాకు ఒళ్లు జలదరించును. పైగా శవము కండరములు వ్రేలాడు తీరు చూపునే గాని, ఊపిరి కొరకు పెనుగులాడు మనిషిని చూపదు.

తుదకు సాక్ష్యము చిత్రశాలలో గాక సమాధిలో దొరకినది. 1968లో యెరూషలేము చెంత ఒక రాతిపెట్టెలో యెహోహానాన్ అను యువకుని ఎముకలు బయటపడెను. మడమ ఎముకలో పదకొండున్నర సెంటీమీటర్ల ఇనుప మేకు అట్లే దిగియున్నది. కొన వంగిపోవుటచే దానిని పెరుకలేకపోయిరి. అందువలననే మనకు మిగిలినది. 1985లో మరల పరిశీలించినవారు, మేకు మడమ ప్రక్కనుండి దిగినదనియు, కాళ్లు నిలువుకొయ్యకు ఇరుప్రక్కల ఉండినవనియు తేల్చిరి. పాదముపై పాదముంచి ఒకే మేకు దింపిన ప్రసిద్ధ చిత్రములు మనకెన్నియో కలవు. ఇట్లు గీసినది నా కంటబడలేదు. 2017లో ఇంగ్లండున ఫెన్‌స్టాంటన్‌లో దొరకిన అస్థిపంజరమునందును మేకు మడమలోనిదే. సిలువ నెక్కిన వేలమందిలో ఇట్లు మేకుతో దొరకినవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారే.

యెహోహానాన్ చేతి ఎముకలపై మాత్రము మేకు దిగిన గుర్తు నిశ్చయముగా కానరాలేదు. త్రాళ్లతో కట్టియుందురని ఆ పరిశీలకుల ఊహ. మెదకులో ఆ బాలుడడిగిన ప్రశ్నకు ఎముక ఇచ్చిన సమాధానము అంతవరకే.