గిటారు గట్టిగా మోగాలంటే



అణైకట్‌లో ఒక సాయంత్రం కరెంటు పోయిందనుకోండి. చర్చిలోనో, పెళ్ళింట్లోనో పాట సాగుతోంది. మైకు ఆగిపోయింది. మీ చేతిలో ఉన్నది మామూలు చెక్క గిటారు. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా వినపడాలి. అప్పుడు మనం ఏం చేస్తాం? భుజం పైకెత్తి, పళ్ళు బిగబట్టి, తీగల్ని బాదుతాం. నేనూ కొన్నాళ్ళు అలాగే బాదాను. ఒక వేసవంతా చొక్కా గుండీ పెట్టుకోవడానికి అవస్థ పడ్డాను. అందుకే ఈ నాలుగు మాటలు.

బాదితే ఎందుకు లాభం లేదో ముందు చూద్దాం. మన చెవికి ధ్వని రెట్టింపయినట్టు తోచాలంటే సుమారు పది డెసిబెల్స్ పెరగాలి. అంటే ధ్వని శక్తి పది రెట్లు కావాలి. అందుకు తీగ దాదాపు మూడు రెట్లు వెడల్పుగా ఊగాలి. అంత ఊగే తీగ మెట్లకు తగిలి జరజరమంటుంది. మీ బలమంతా ఆ జరజరకే ఖర్చవుతుంది, పాటకు కాదు.

అసలు మోగేది తీగ కాదు, పెట్టె పైపలక. సన్నని తీగ ఒక్కటే అయితే గాలిని పెద్దగా కదిలించలేదు. పందొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్ దేశపు ఆంటోనియో దె టోర్రెస్ ఈ సంగతి నిరూపించాలని 1862లో ఒక గిటారుకు వెనక భాగం, పక్కలు కాగితపు గుజ్జు అట్టతో చేశాడు. పైపలక మాత్రం మంచి చెక్క. మన వీణలోనూ అంతే, తీగ కదలికను గుర్రం పైపలకకు అందిస్తుంది.

కాబట్టి ఆ పలకను ఊగనివ్వండి. కుడి ముంజేయి దాని అంచు మీద ఆనితే చాలు, బరువంతా వేసి నొక్కితే సగం గొంతు మీరే నులిమినట్టు. పెట్టె వెనక భాగాన్ని పొట్టకు అదుముకోవద్దు. పాతబడి తుప్పు పట్టిన తీగలు మార్చండి. ఇంతవరకూ చేతికి శ్రమ లేదు, డబ్బు మాత్రం కొంచెం ఉంది!

ఇక మీటడం. తీగను పైకి, పక్కకు గీకకుండా, పలక వైపుగా కొంచెం లోపలికి నొక్కి వదలండి. పలకకు నిలువుగా ఊగే తీగ దాన్ని ఎక్కువగా కదిలిస్తుంది. వేలు తీగను దాటి పక్క తీగ మీద ఆగి విశ్రాంతి తీసుకుంటే ధ్వని మరింత నిండుగా వస్తుంది. మీటేటప్పుడు మాత్రమే బలం, మరుక్షణం వేలు వదులు. కష్టం ఎక్కడుందంటే, ఆ వదలడంలోనే ఉంది. మీటాక కూడా మణికట్టు బిగిసే ఉంటే తర్వాతి స్వరానికి ముందే అలసిపోతారు. పిక్ వాడేవారు దాన్ని పిడికిలిలో బంధించకండి, చేతిలోంచి జారిపోదు అన్నంత పట్టు చాలు.

ఎడమ చెయ్యి విషయంలో ఒక చిన్న పరీక్ష చెబుతాను. మెట్టు వెనకాలే, దానికి ఆనుకుని వేలు పెట్టండి. మధ్యలో పెడితే ఎక్కువ నొక్కాలి. మీటుతూ పట్టు మెల్లగా తగ్గించండి. స్వరం గరగరమనే చోటు వస్తుంది. అక్కడి నుంచి రవ్వంత నొక్కండి, అంతే కావలసింది. మెడ వెనక బొటనవేలు పటకారులా బిగుస్తుంటే, దాన్ని ఒక్కసారి ఎత్తి మీటి చూడండి. చాలామంది ఆశ్చర్యపోతారు.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక గమకాలు నిలిచి పలకడానికి ఎలక్ట్రిక్ మాండలిన్‌నే ఎంచుకున్నారు. విద్యుత్తుతో పలికించడంలో తప్పేమీ లేదు. పెద్ద హాలయితే మైకే దిక్కు. చెక్క గిటారుకూ ఒక హద్దుంది, దాన్ని చేతి నరాలతో దాటాలనుకోవద్దు.

వాయిస్తుండగా నొప్పి గానీ, తిమ్మిరి గానీ వచ్చిందా, అక్కడే ఆపండి. కొన్ని రోజులకీ తగ్గకపోతే వైద్యుడికి చూపించండి. ఈ సాయంత్రం మాత్రం ఒక స్నేహితుణ్ణి వీధి చివర నిలబెట్టి, ముందు బాది, తర్వాత నేను చెప్పినట్టు మీటి, ఏది బాగా వినిపించిందో అడగండి.

సెలవు.