చిన్న అంకె, పెద్ద పట్టు

 

ఫార్మసీ పట్టభద్రులారా, రేపు మీ కౌంటరు దగ్గరికి ఓ పెద్దాయన ఖాళీ అల్ప్రాజోలం స్ట్రిప్పు పట్టుకుని వస్తాడు. "బాబూ, ఇవే ఇంకో పది ఇవ్వు. పాయింటు టూ ఫైవే కదా, ఏం కాదులే" అంటాడు. ఆయన్ని మోసం చేస్తున్నది ఆ అంకే. అల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాములు సుమారు 10 మిల్లీగ్రాముల డయాజెపాంతో సమానం. అంటే ఆయన అడిగే ఒక్కో మాత్రా 5 మిల్లీగ్రాముల డయాజెపాం కింద లెక్క.

కంగారు తగ్గించే ఈ తరహా మందులన్నీ మెదడులో గాబా గ్రాహకాల మీదే పనిచేస్తాయి. తేడా అంతా ఎంత త్వరగా ఎక్కుతాయి, ఎంతసేపు నిలుస్తాయి అన్న దాంట్లోనే. 1963లో మార్కెట్లోకి వచ్చిన డయాజెపాం, దాన్నుంచి ఒంట్లో తయారయ్యే నార్‌డయాజెపాం రోజుల తరబడి ఉండి మెల్లగా దిగుతాయి. అల్ప్రాజోలం సుమారు 11 గంటలకే సగానికి పడిపోతుంది. రెండు డోసుల మధ్యే దడ, కంగారు మొదలవుతాయి. జబ్బు తిరగబెట్టిందనుకుని రోగి ఇంకో మాత్ర మింగుతాడు. లొరాజెపాందీ ఇంచుమించు అదే దారి. అలాగని డయాజెపాం, క్లోనజెపాం మంచివని సర్టిఫికెట్ ఇవ్వకండి. నెలల తరబడి వాడితే అవీ పట్టుకుంటాయి.

ఒక్కసారిగా వదిలించుకోవడం ఎంత ప్రమాదమో మన తెలంగాణే చూసింది. 2015లో ఇలాంటి మందులు కలిపిన కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకుతో, ఫిట్సుతో, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. ఏ మందుకు అలవాటుపడ్డారో కూడా వాళ్లకు తెలియదు.

అందుకే ఆ పెద్దాయనకు చీటీ లేకుండా మాత్రలు ఇవ్వడం తప్పే, "లేవు పొండి" అని ఊరుకోవడమూ తప్పే. ఎన్నాళ్లుగా వాడుతున్నాడో అడగండి. ఒక్కసారిగా ఆపొద్దని చెప్పి, డాక్టరు దగ్గరికి పంపండి. డోసు కొద్దికొద్దిగా, వారాల తరబడి తగ్గించాలి. నిదానంగా దిగుతుందనే కొందరిని ముందు డయాజెపాంకు మార్చి తగ్గిస్తారు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఈ మందులు మాన్పించడానికి డాక్టర్ హెదర్ ఆష్టన్ నడిపిన క్లినిక్ పద్ధతి అదే.

ఇలాంటి మందుల అమ్మకాలు నమోదు చేసే షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు ఇన్‌స్పెక్టరు కోసమే రాయకండి. ఒకే పేరు నెలనెలా కనిపిస్తే, మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ ఫోన్ చేసే హక్కు ఈ పట్టా మీకిచ్చింది. వాడుకోండి.