బందరు చరిత్ర: కాగితాలు ఎక్కడున్నాయి? మన వంతు ఏమిటి?

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా నా తప్పొకటి చెప్పుకుంటాను. మా నానీ ఇంట్లో గోడ గూట్లో ఒక ఎర్రగుడ్డ మూట ఉండేది. అందులో ఫారసీ కాగితాలు. ఇంట్లో ఎవరికీ ఆ భాష రాదు. ఇల్లు మరమ్మతు చేయించేటప్పుడు నేనే ఆ మూటను పాత సామానుతో పాటు వసారాలో పెట్టించాను. ఆ రాత్రి వాన పడింది. తెల్లారేసరికి ఒక్క కాగితమే మిగిలింది. చాలా ఏళ్ల తర్వాత ఒక మౌలానాగారు దాన్ని చదివి, మసీదు దీపాల నూనె ఖర్చుకు ఇచ్చిన భూమి సంగతి అందులో ఉందన్నారు. మిగతా వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

బందరు అన్న మాటే ఫారసీ మాట. రేవు అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం వాళ్లకు ప్రధాన రేవు. ఇక్కడి నుంచి అద్దకం బట్టలు ఇరాన్‌కూ, ఎర్రసముద్రపు రేవులకూ, అటు ఆచే దాకా వెళ్లేవి. 1605-06లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. తర్వాత ఫ్రెంచివారు వచ్చారు. 1759లో కల్నల్ ఫోర్డ్ కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాడు. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం. వీటితో ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికి పోయాయి.

ఈ చరిత్ర చదవాలంటే ఎక్కడికి వెళ్లాలి అని పిల్లలు అడుగుతారు. మెథోల్డ్ అనే కంపెనీ ఉద్యోగి బందరులో ఉండి, చూసింది రాశాడు. అది 1626లోనే అచ్చయింది. విలియం ఫోస్టర్ కూర్చిన ఇంగ్లీషు ఫ్యాక్టరీల సంపుటాలు 1618 నుంచి 1669 వరకు ఉత్తరాల సారాన్ని ఇస్తాయి. 1812 నాటి ఫిఫ్త్ రిపోర్టులో జేమ్స్ గ్రాంట్ రాసిన ఉత్తర సర్కార్ల సర్వే ఉంది. 1883లో గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ రాశాడు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిన సంగతి అందులో చూడవచ్చు. అసలు కాగితాల కోసమైతే చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ, హేగ్‌లో డచ్ జాతీయ ఆర్కైవ్స్ ఉన్నాయి. ఔరంగజేబు కాలపు ఫారసీ కాగితాలు హైదరాబాదు తార్నాక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కావలి సోదరుల సాయంతో కాలిన్ మెకంజీ సేకరించిన కైఫియతుల్లో ఊరూరి కథ తెలుగులోనే దొరుకుతుంది.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కంపెనీ ఉత్తరాలు రాసినవాళ్లు వ్యాపారులు. మన వర్తకులు వాళ్లకు పోటీదారులు. బాకీ దగ్గరో, సుంకం దగ్గరో తగాదా వచ్చినప్పుడే మనవాళ్ల పేర్లు ఆ ఉత్తరాల్లోకి ఎక్కువగా ఎక్కాయి. సవ్యంగా సాగిన రోజుల గురించి ఎవరు రాస్తారు? అందుకే ఆ పుస్తకాలు మాత్రమే చదివితే మనవాళ్లు తగాదాకోరుల్లా కనిపిస్తారు. నికాహ్‌నామాలు, సనదులు, బాకీ చీటీలు, మసీదు లెక్కలు, సమాధి రాళ్లు ఈ లోటు తీరుస్తాయి. అవి ఏ ఆర్కైవ్స్‌లోనో కాదు, మన అటకల మీదే ఉన్నాయి.

ఇది చదువుకునేవాళ్ల సరదా మాత్రమే అనుకోవద్దు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఊరివారీగా ఇనాం రిజిస్టర్లు తయారయ్యాయి. భూమి ఎంత, ఎవరిచ్చారు, ఏ పనికిచ్చారు, ఎవరి అనుభవంలో ఉంది అని వాటిలో రాశారు. సొంత ఇనాం వేరు, మసీదు సేవకు ఇచ్చిన ఇనాం వేరు. సేవ జరిగినంత కాలమే అన్న షరతుతో ఉన్న భూమి ఒకరి సొంత ఆస్తి కాదని చూపడానికి ఈ రిజిస్టరే నేటికీ కోర్టుల్లో బలమైన ఆధారం. ఆ రిజిస్టరు వెనక ఉన్న పాత సనదు కూడా దొరికితే ఆ ఆధారానికి ఇంకా బలం.

దాతలకు నా మనవి మూడు మాటలు. ఒకటి, చదవలేని కాగితాన్ని పారేయకండి. లామినేషన్ చేయించకండి, కాగితం పాడవుతుంది. రెండు, రెండు వైపులా ఫోటో తీసి, ఎవరింట్లో ఎక్కడ దొరికిందో రాసి పెట్టండి. అసలు కాగితం మీ ఇంట్లోనే ఉంచుకోండి. మూడు, మన సొసైటీ ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఏటా ఇద్దరు పిల్లలకు ఫారసీ, పాత తెలుగు దస్తూరీ నేర్పించే ఖర్చు కూడా చేర్చండి. డాక్టర్లను, ఇంజనీర్లను చదివించాం. తాతల చేతిరాత చదివేవాళ్లను కూడా చదివిద్దాం.

పెద్దలు దీపాల నూనెకు భూమి ఇచ్చారు. దాన్ని రాసి పెట్టారు కూడా. వాళ్లు రాసింది కాపాడటమూ ఖైరాత్ కిందికే వస్తుందని నా నమ్మకం. మా ఇంటి మూట పోయింది. మీ ఇంటి మూట ఇంకా ఉండి ఉంటే, ఇవాళ ఇంటికెళ్లగానే ఒకసారి విప్పి చూడండి.