కలివికోడి, గుత్తి సాలీడు

పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా తోచింది కలివికోడి. దాని పక్కన ఇవాళ ఒక సాలీడును కూడా నిలబెడతాను.

జీవశాస్త్రం ఈ రెంటినీ జంతురాజ్యం గడప దాటగానే విడదీస్తుంది. కలివికోడి వెన్నెముక ఉన్న పక్షి, గ్లేరియోలిడే కుటుంబం. గుత్తి సాలీడు ఆర్థ్రోపోడా, తేళ్లు ఉండే తరగతికే చెందిన థెరఫోసిడే కుటుంబం. వాటిని కలిపింది మన రాయలసీమ.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ సేకరించిన నమూనాను చూసి 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ ఈ పక్షిని వర్ణించాడు. 1899లో పోకాక్ వర్ణించిన ఈ నీలి సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. మరుసటి ఏడే అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంబెల్ కలివికోడిని చూశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు శాస్త్రవేత్తలకు రెండూ కనబడలేదు.

పక్షి అంతరించిందనే చాలామంది అనుకున్నారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ మాత్రం వెతుకులాట మానలేదు. ఆ సంస్థ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వేటగాళ్లను అడిగాడు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, రాత్రి పూట, ఒక స్థానిక వేటగాడు దాన్ని పట్టుకున్నాడు. పట్టిన పక్షి బతకలేదు. కానీ జాతి బతికి ఉందని తేలింది. సలీం అలీ ఆ కబురు విన్నారు, 1987లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఈ పక్షి కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఈ గెలుపులో సగం ఆ అడవి దారులెరిగిన మనిషిదని నా నమ్మకం.

సాలీడు కోసం అంత వెతుకులాట జరగలేదు. అది గుత్తిది కాదు, కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో, ముదురు చెట్ల తొర్రల్లో దొరికింది.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో రెండూ తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతులే. ప్రమాదం వచ్చే దారులు మాత్రం వేరు. కలివికోడికి మధ్యమధ్య ఖాళీ నేల ఉన్న ముళ్లపొదలు కావాలి. పొదలు నరికేసినా, బాగా దట్టమైనా అది ఉండలేదు. అందుకే మేకల్ని, కట్టెలు కొట్టేవాళ్లను పూర్తిగా తరిమేయడం దానికి మేలు కాకపోవచ్చు. మనం బంజరంటూ తీసిపారేసే నేలే దాని ఇల్లు. తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోకి వచ్చినప్పుడు పక్షి శాస్త్రజ్ఞులు పోరాడి దారి మార్పించారు.

సాలీడుకు తొర్రలున్న పెద్ద చెట్లే ప్రాణం. చెట్టు పడితే ఇల్లు పోతుంది. ఆ నీలి రంగు దానికి మరో శత్రువు. ఇతర దేశాల్లో దాన్ని పెంపుడు జీవిగా పెట్టెల్లో పెట్టి అమ్ముతారు. 2019లో దాని ప్రజాతి మొత్తాన్ని సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. విదేశాల్లో ఇళ్లలో పిల్లలు పెడుతున్న ఈ జీవికి, సొంత గడ్డ మీద మిగిలిందని తెలిసిన అడవి నూరు చదరపు కిలోమీటర్లకు లోపే. కలివికోడి కోసం జరిగినట్టే, నల్లమల తొర్రలను రాత్రిపూట చెట్టుచెట్టూ చూసే సర్వే ఈ సాలీడుకూ జరగాలి. అడవినెరిగిన చెంచుల్ని అందులో మొదటి వరుసలో కూర్చోబెట్టాలి.