ఒక్క గెల వదిలేద్దాం
తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

మన అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పండగంటే జీలుగు కల్లు ఉండాల్సిందే. మా ఊళ్లలో ముందు దేవతకు, పెద్దలకు ధార పోస్తాం. తరువాతే మనం పుచ్చుకుంటాం. తెల్లవారి దించినప్పుడు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులిసి మత్తు పెరుగుతుంది. అందుకే దానికో వేళ, ఓ హద్దు పెట్టారు పెద్దలు.

ఇప్పుడు పండక్కి బండి మీద బీరు పెట్టెలు వస్తున్నాయి. వాటికి కాలం లేదు, హద్దు లేదు. తప్పు మీదే అనం. మా తరమూ ఒక తప్పు చేసింది.

జీలుగు ఏళ్ల తరబడి ఎదిగి జీవితంలో ఒక్కసారే పూతకొస్తుంది. మొదటి గెల పైన వేస్తుంది, మిగతావి ఒక్కొక్కటిగా కిందికి వస్తాయి. చివరి గెలతో చెట్టు చచ్చిపోతుంది. కల్లు గీసిన గెల కాయ కాయదు. మేం అన్ని గెలలూ గీశాం, విత్తనం మిగల్చలేదు.

అందుకే మీకు మూడు మాటలు. చెట్టుకో గెల కాయలకు వదలండి. పండు గుజ్జు దురద పెడుతుంది, చేతికి గుడ్డ చుట్టుకుని గింజ తీసి నాటండి. 1996 పెసా చట్టం ప్రకారం మత్తు పానీయాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభకు ఉంది. బెల్టు షాపు సంగతి అక్కడ అడగండి. తాగి బండెక్కకండి.

మీరు నాటిన చెట్టు కల్లు మీ పిల్లల పెళ్లిళ్లకు అందాలి. జోహార్!