ఇల్లు విడిచి వచ్చిన బిడ్డల మధ్య

(శతజయంతి సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆపదలో ఉన్న పిల్లల కొరకు పనిచేసే సంస్థకు నాయకత్వము వహించుటను గూర్చి మాట్లాడవలెనని మమ్ములను ఆహ్వానించారు. నాయకత్వమన్న మాట చూసి మేము కొంచెం బెదిరాము. మా గృహములో రాత్రి రెండు గంటలకు గేటు చప్పుడైతే ఎవరికి ముందు మెలకువ వస్తుందో ఆ రాత్రికి వారే నాయకులు. ఈ ప్రసంగము మేము నలుగురము కూర్చుని వ్రాసుకున్నాము. చదివేది ఒకరైనా మాట అందరిదీ గనుక, "మేము" అనే చెప్పుకుంటూ పోతాము.

మా పని విజయవాడ రైల్వే స్టేషనులో మొదలవుతుంది. చెన్నై నుండి హౌరా పోయే దారి, ఢిల్లీ పోయే దారి అక్కడ చీలుతాయి. ఇల్లు విడిచిన పిల్లవాడికి ఏ రైలు ఎక్కాలో తెలియదు. ఎక్కినది ఏదైనా చాలాసార్లు వాణ్ణి తెచ్చి అక్కడే దించుతుంది. పరీక్ష తప్పి ఇంట్లో ముఖం చూపలేనివాడు వస్తాడు. తండ్రి తాగి కొట్టే దెబ్బలు తాళలేనివాడు వస్తాడు. పెద్దలు చేసిన అప్పుకు ఇటుక బట్టీలో పని చేస్తూ పారిపోయినవాడు వస్తాడు. సినిమా హీరోను చూడాలని హైదరాబాదుకు బయలుదేరి, తప్పుడు రైలెక్కి ఇక్కడ దిగినవాడూ ఉంటాడు. ఆడపిల్లలు తక్కువగా కనిపిస్తారు. తక్కువగా వస్తారని కాదు, వారిని ఎవరో ఒకరు త్వరగా తీసుకుపోతారు.

మొదటి రోజు వాడు గోడకు ఆనుకొని కూర్చుని వచ్చేపోయేవారిని చూస్తూ ఉంటాడు. రెండో రోజుకు ఒక స్నేహితుడు దొరుకుతాడు. ఖాళీ సీసాలు ఏరి అమ్మడం నేర్పుతాడు. పంక్చర్లకు వాడే సొల్యూషన్‌ను గుడ్డలో పోసి పీల్చడం నేర్పుతాడు. "పీల్చితే ఆకలి తెలియదురా" అంటాడు. ఆ మాట అబద్ధము కాదు, అదే మా కష్టము. వారం తిరిగేసరికి ఆ పిల్లవాడు మమ్ములను చూస్తే పరుగెత్తుతాడు. కాబట్టి మా పనికి విలువైన సమయము ఆ మొదటి రోజే. అప్పుడు వాణ్ణి గుర్తుపట్టేది మేము కాదు. టీ అమ్మేవారు, పోర్టర్లు, ప్లాట్‌ఫారము ఊడ్చే ఆడవారు, రైల్వే పోలీసులు, వీరే చూసి కబురు చేస్తారు. మీరూ చూడవచ్చును. ప్రయాణములో ఒంటరి బిడ్డ కనబడితే 1098కు ఫోను చేయండి. 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఆధ్వర్యములో మొదలైన ఆ ఏర్పాటును 2023 నుండి ప్రభుత్వమే నేరుగా నడుపుతున్నది. నంబరు మాత్రము మారలేదు.

బిడ్డ మా చేతికి వచ్చిన తరువాత ప్రయాణ కాలము పోగా 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలెను. 2015 నాటి చట్టము అలా చెబుతున్నది. ఇది కొందరు దాతలకు రుచించదు. "పుణ్యానికి చేసేవారికి ఈ కాగితాలెందుకు?" అంటారు. పుణ్యానికి చేసేవారి చేతిలో కూడా బిడ్డలు మాయమైన సందర్భాలున్నాయి గనుకనే ఆ కాగితాలు.

మొదటి రాత్రి మేము ప్రశ్నలు వేయము. స్నానము, వేడి అన్నము, ఉతికిన దుప్పటి, అంతే. అడిగితే ఒక పేరు చెబుతాడు, అది వాడి పేరు కాదు. రెండవసారి చెప్పినదీ కాకపోవచ్చును. ఊరి పేరు అసలే చెప్పడు. అటువంటప్పుడు మీ బడి ఎదుట ఏముందిరా అని అడుగుతాము. చెరువుందంటాడు. చెరువు గట్టున ఏ చెట్లు? బస్సు ఎక్కడ ఆగుతుంది? తిరునాళ్ళు ఏ నెలలో? ఈ ముక్కలన్నీ కూర్చుకుంటూ పోతే పది రోజులకు ఒక మండలము తేలుతుంది. ఈ పనిలో మా అందరికంటె గట్టివారు మా వంటావిడ. ఉల్లిపాయలు తరుగుతూ ఆవిడ ఏమీ అడగరు, పిల్లలే చెబుతారు. మాలో బి.ఎ.లు, ఎం.ఎ.లు ఉన్నారు గాని పిల్లల అసలు పేర్లు ముందు వంటింట్లోనే తెలుస్తాయి. అందుకే గృహము నడిపేవారి మొదటి విధి ఏమిటని ఎవరైనా అడిగితే, వంటావిడ జీతము ఒకటో తేదీన ఇవ్వడమని చెబుతాము. మనుషులు మారుతూ పోయే ఇంట్లో పిల్లలు నోరు విప్పరు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పవలెను. దీనిని చెప్పకుండా మిగతాది చెప్పే అర్హత మాకు లేదనుకున్నాము.

ఏ సంస్థకైనా వార్షిక నివేదిక ఉంటుంది. అందులో అందరి కన్నూ పడే వరుస ఒకటుంది, "ఇంటికి చేర్చిన పిల్లలు" అని. ఆ అంకె పెద్దదైతే దాతలు సంతోషిస్తారు, మాకూ గర్వంగా ఉంటుంది. 2013లో పదకొండేళ్ల పిల్లవాడొకడు వచ్చాడు. తొమ్మిది రోజులకే వాడి ఊరు దొరికింది. తండ్రి వచ్చాడు, కొడుకును చూసి బావురుమన్నాడు. మేమందరమూ కన్నీళ్లు పెట్టుకున్నాము. సమితి ఉత్తర్వు అయింది, తండ్రి సంతకము చేశాడు. పిల్లవాడు మాత్రము ఏడవలేదు. చెప్పులు వేసుకొని గేటు దగ్గర నిలబడ్డాడు. వాడు ఏడవకపోవడము మాలో ఎవరికీ అనుమానము కలిగించలేదు. ఫోటో తీసుకున్నాము. నివేదికలో ఒక అంకె పెరిగింది.

నాలుగు నెలల తరువాత అదే స్టేషనులో మళ్లీ కనిపించాడు. చేతిలో సొల్యూషన్ గుడ్డ, మోచేతి మీద కాలిన మచ్చ. ఈసారి మమ్ములను చూసి పారిపోలేదు. దగ్గరకు వెళ్లి, ఎందుకు వచ్చేశావురా అని అడిగితే, "మీరే గదన్నా పంపింది" అన్నాడు. కోపముగా అనలేదు. మేము మరచిపోయామేమోనని గుర్తు చేసినట్లు అన్నాడు.

ఆ రాత్రి మేము కూర్చుని ఆ సంవత్సరపు జాబితా అంతా తీశాము. ఇంటికి చేరిన పిల్లలలో తరువాత మేము కంటితో చూసినవారు ఎందరని లెక్కించాము. సగమైనా లేరు. మిగిలినవారు ఎక్కడున్నారో తెలియకుండానే, వారందరూ క్షేమముగా ఇల్లు చేరారని అచ్చు వేయించాము.

అప్పటినుండి పద్ధతి మార్చాము. పంపకముందు ఒకరు ఆ ఇంటికి వెళ్లి ఒక పూట ఉండి రావలెను. తల్లి ఎలా ఉంది, తాగుడు ఎంత, అప్పు ఎవరికి అన్నది చూడవలెను. ఇరుగుపొరుగుతోనూ, బడి పంతులుగారితోనూ మాట్లాడవలెను. పంపిన తరువాత నెలకొకసారి వెళ్లవలెను. బస్సు ఛార్జీలు పెరిగాయి, నివేదికలోని అంకె తగ్గింది. ఒక దాత సంస్థ వారు "మీ పనితీరు క్షీణించింది" అని వ్రాసి సహాయము నిలిపివేశారు. ఆ ఏడాది ఆరు నెలలు బియ్యము అరువు మీద వచ్చింది. కొట్టు యజమాని మన సంఘస్థుడు కాడు. ఒక్కసారి కూడా బాకీ అడగలేదు.

పేరుగాంచిన సేవకులు కూడా ఈ అంకెల దగ్గరే తడబడ్డారు. లండను నగరములో అనాథ బాలురకు ఆశ్రయమిచ్చిన థామస్ బర్నార్డో కథ మీలో చాలామంది విన్నదే. ఒక రాత్రి స్థలము లేదని పదకొండేళ్ల బాలుణ్ణి వెనక్కు పంపితే, కొద్ది రోజులకు వాడు చలికీ ఆకలికీ చనిపోయి కనిపించాడు. ఆ తరువాత నిరాశ్రయ బాలలు ఎవ్వరినీ కాదనబోమని తలుపు మీద వ్రాయించాడాయన. ఇంతవరకు ప్రసంగాలలో వింటాము. తలుపు మూయకపోతే ఇల్లు నిండుతుంది గదా. నిండిన ఇంటిని ఖాళీ చేయడానికి ఆయన సంస్థా, అటువంటి ఇతర సంస్థలూ వేలాది బిడ్డలను కెనడాకు ఓడలలో పంపాయి. ఎందరికో తల్లిదండ్రులు బ్రతికే ఉన్నారు. కొందరి విషయములో వారిని అడగనైనా లేదు. పొలాలలో కూలీలుగా పెరిగినవారెందరో. ఆస్ట్రేలియాకు పంపడము 20వ శతాబ్దము నడిమి తరువాత కూడా సాగింది. 2010లో బ్రిటన్ ప్రధాని గార్డన్ బ్రౌన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పవలసి వచ్చింది. బర్నార్డో దుర్మార్గుడని మేము అనము. తొమ్మిది రోజులకు పిల్లవాణ్ణి పంపినప్పుడు మేమూ దుర్మార్గులము కాము.

మరొక విషయము క్లుప్తముగా చెబుతాము, ఎక్కువ చెప్పడానికి మనసు రావడము లేదు. మా గృహములోనే పనిచేసే ఒక వ్యక్తి మీద ఒక బాలుడు వంటావిడకు ఫిర్యాదు చేశాడు. కమిటీలో ఒక పెద్ద "ఇంటి గుట్టు బయట పెట్టుకుంటామా?" అన్నారు. ఆ మాటకు మేము మూడు రోజులు మెత్తబడ్డాము. నాల్గవ రోజు పోలీసు స్టేషనుకు వెళ్లాము. బిడ్డలపై లైంగిక నేరము జరిగిందని తెలిసి తెలుపకపోవడము 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరమే. కాని మమ్ములను కదిలించినది చట్టము కాదు. ఆ మూడు రోజులూ ఆ బాలుడు అన్నము దగ్గరకు రాలేదు.

ఇక మీ దగ్గర మా మనవి. మన సంఘాలు ఉదారమైనవి. బిడ్డ పుట్టినరోజని, వివాహ దినమని వచ్చి భోజనాలు పెడతారు. ఒక జనవరి 1న మూడు చోట్ల నుండి బిర్యానీ వచ్చింది. రెండవ తేదీన సగము మందికి కడుపు నొప్పి, మూడవ తేదీన డబ్బాలో కందిపప్పు లేదు. పైగా పిల్లలను వరుసలో నిలబెట్టి ఫోటోలు తీసి అందరికీ పంపుతారు. ఈ బిడ్డలెవరో తెలిసేలా ప్రచురించడము చట్టము నిషేధించింది. అంతకంటె, వారిలో ఎవరినో వెతుకుతున్న మనిషి ఆ ఫోటో చూడవచ్చును. భోజనము పెట్టండి, ఫోటో వద్దు.

మాకిప్పుడు కావలసినది భోజనము కాదు, పద్దెనిమిదేళ్లు నిండినవారికి చోటు. అంతవరకు వారు మా బిడ్డలు. ఆ మరుసటి రోజు నుండి గృహములో ఉండరాదు. 21 ఏళ్ల వరకు తోడ్పాటు ఇవ్వవలెనని నిబంధనలున్నాయి గాని, అది అందరికీ అందడము లేదు. మా కుర్రవాడు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకొని అద్దె గది కోసము వెళితే, ఇంటివారు మొదట అడిగేది తండ్రి పేరు, రెండవది కులము. ఉద్యోగానికి జామీను కావాలంటారు. పండుగకు అందరూ ఊళ్లకు పోతే వీడు మూసిన షాపు మెట్ల మీద కూర్చుంటాడు. మా దగ్గర పెరిగిన అమ్మాయి పెండ్లి కుదిరినప్పుడు, శుభలేఖలో తల్లిదండ్రుల పేర్ల చోట ఏమి వేయాలని అడిగింది. మాకు జవాబు తోచలేదు. చివరకు వంటావిడ పేరు వేశాము.

శతజయంతి స్మారకముగా మా గృహానికి కొత్త అంతస్తు కట్టిస్తామని కమిటీవారు అన్నారు. వారి ప్రేమకు కృతజ్ఞులము. అయితే ఆ అంతస్తు వద్దని ఈ సభాముఖముగా విన్నవిస్తున్నాము. మంచాలు పెరిగితే వాటిని నింపాలని చూస్తాము, మా సంగతి మాకు తెలుసును. ఆ సొమ్ముతో ఊరిలో మూడు చిన్న ఇళ్లు ఐదేళ్లకు అద్దెకు తీసుకొని, ఇంటికి నలుగురు చొప్పున కుర్రవాళ్లను ఉంచవచ్చును. ఆడపిల్లలకు వేరుగా ఒకటి కావలెను. ప్రతి సంఘము నుండి రెండు కుటుంబాలు వారికి జామీనుగా నిలబడితే చాలును. క్రిస్మసుకు, సంక్రాంతికి తమ ఇంట్లో ఒక విస్తరి వేస్తే చాలును. వచ్చిన పిల్లవాడు మొదటిసారి సరిగా మాట్లాడకపోవచ్చు, చెప్పకుండా వెళ్లిపోవచ్చు. మరుసటి పండుగకు మళ్లీ పిలవండి.

ఇష్టమున్న కుటుంబాలవారు ద్వారము దగ్గర ఉన్న పుస్తకములో పేరు, ఊరు వ్రాయండి. వచ్చే నెలలో మేమే మీ ఇళ్లకు వస్తాము. ఈ రాత్రి స్టేషను పని మాలో ఇద్దరి వంతు గనుక భోజనాలకు ఆగలేకపోతున్నాము. పెద్దలు మన్నించవలెను.