సమయపాలన - షిఫ్టు నేర్పిన పాఠం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం సమయపాలన. "రిటైరైన వాళ్ళకి ఈ సంగతి ఎందుకండీ? ఇప్పుడు మనకు గేటూ లేదు, హాజరు పట్టీ లేదు" అని ఒక మిత్రుడు నవ్వుతూ అన్నారు. ఆయనకు జవాబుగానే ఈ నాలుగు మాటలూ మనవి చేస్తున్నాను.

వేళ తెలియజేయడం మన విశాఖపట్నానికి కొత్త కాదు. పోర్టు కట్టడానికి చాలాముందే, 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఖగోళ వేధశాల నెలకొల్పారు. డాల్ఫిన్ నోస్ కొండ మీద ఒక జెండా స్తంభం పెట్టించి, ఉదయం సరిగ్గా 9 గంటలకు జెండా దింపించేవారు. సముద్రంలో ఉన్న ఓడల వాళ్ళు, ఊళ్ళో వాళ్ళు అది చూసి గడియారాలు సరిచేసుకునేవారు. ఆ రోజుల్లో ఓడ తూర్పు పడమరలలో తానెక్కడున్నదీ గడియారం చూసే లెక్క కట్టుకోవాలి. మన అక్షాంశంలో ఒక్క నిమిషం తేడా వస్తే ఓడ తానున్న చోటును సుమారు 26 కిలోమీటర్లు తప్పుగా అనుకుంటుంది. రాళ్ళున్న తీరంలో అది ప్రాణాల మీదకు వచ్చే తేడా. జగ్గారావు గారి తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ వేధశాలను నడిపారు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు.

తరువాత పోర్టు వచ్చింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ లోపలికి వచ్చిన నాటి నుంచి మన ఊరి గడియారానికి సముద్రం కూడా తోడయింది. పోర్టులో పనిచేసిన సోదరులకు నేను చెప్పనక్కరలేదు. సముద్రపు పోటు నిన్నటి వేళకే ఇవాళ రాదు. రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. కాని ఆ జరగడం ముందే లెక్కకట్టి పట్టికలో అచ్చువేసి ఉంటుంది. ఎక్కువ లోతు కావలసిన ఓడ పోటు చూసుకునే కదలాలి. పైలట్, టగ్గు, తాళ్ళు పట్టే మనుషులు అందరూ ఆ వేళకు సిద్ధంగా ఉండాలి. ఒక్కరు రాకపోతే మిగిలిన అందరూ వచ్చినా రానట్లే.

ఆ తరువాత స్టీల్ ప్లాంటు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. కరిగిన ఉక్కుకు ఆదివారం లేదు, పండగ లేదు. కంటిన్యూయస్ కాస్టింగ్‌లో ఒక లాడిల్ ఖాళీ అయ్యేలోగా రెండోది రాకపోతే పోత తెగిపోతుంది. ముందుగా వస్తే లాడిల్‌లో ఉక్కు చల్లారుతుంది. "ఇదిగో వస్తున్నా" అనే మాట అక్కడ చెల్లదు.

ఇవన్నీ యంత్రాల సంగతులు. అసలు పాఠం నాకు నేర్పింది మాత్రం ఒక మనిషి.

నేను షిఫ్టులో పనిచేసిన రోజుల్లో నా రిలీవరు నాకన్నా వయసులో పెద్దవారు. ఆరు గంటల షిఫ్టుకు 5.40కి వచ్చి నిలబడేవారు. వానైనా అంతే, సంక్రాంతి మరునాడైనా అంతే. "ఎందుకండీ ఇంత ముందు?" అని ఒకసారి అడిగాను. "డ్యూటీలో ఉన్నోడి ఇంట్లో ఏటుందో నాకు తెల్దు గదా బాబూ" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు.

మా రెండో అమ్మాయి పుట్టిన రాత్రి నేను సి షిఫ్టులో ఉన్నాను. నాలుగున్నరకు ఇంటి నుంచి కబురు వచ్చింది, ఆసుపత్రికి తీసుకువెళుతున్నామని. మిషను వదిలి కదిలే వీలు లేదు. ఆ గంటా నాకు ఎంత ఆరాటమో మీరు ఊహించగలరు. కాని ఒక్క విషయంలో మాత్రం దిగులు లేదు, 5.40కి ఆయన వస్తారు. వచ్చారు. చార్జి అప్పగించి పరుగెత్తాను. ఆయన ఆ రోజు నా కోసం ప్రత్యేకంగా చేసింది ఏమీ లేదు. రోజూ చేసేదే చేశారు. సమయపాలన విలువ అక్కడే ఉందని నాకు ఆనాడు తెలిసింది. మనం రోజూ వేళకు వెళ్ళడం ఏ రోజున ఎవరికి అక్కరకొస్తుందో మనకు తెలియదు.

మన తెలుగువాళ్ళకు వేళ పాటించడం చేతకాదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తెల్లవారుజామున 2.47కి ముహూర్తమంటే సరిగ్గా ఆ నిమిషానికే జీలకర్రా బెల్లం పెట్టిస్తాం. అదే పెళ్ళిలో భోజనాలు మాత్రం రెండు గంటలు ఆలస్యం. అంటే చేతకాక కాదు. దేవుడి వేళకు ఇచ్చిన మర్యాద తోటిమనిషి వేళకు ఇవ్వకపోవడమే లోపం.

ఇక అలవాటు ఎలా చేసుకోవాలి? నాకు పనికొచ్చినవి చెబుతాను. చేరవలసిన వేళ కాదు, ఇల్లు కదలవలసిన వేళ కాగితం మీద రాసుకోండి. కూర్మన్నపాలెం నుంచి జగదాంబకు రోడ్డు ఖాళీగా ఉన్న రోజు పట్టే సమయం లెక్క కాదు, గాజువాకలో ఆగిన రోజు పట్టేదే లెక్క. కళ్ళజోడు, తాళాలు, కాగితాలు రాత్రే ఒకచోట పెట్టుకోండి. గోడ గడియారం అయిదు నిమిషాలు ముందుకు తిప్పుకోవడం వల్ల లాభం లేదు. అది అబద్ధమని తిప్పినవాడికే తెలుసు. ఆలస్యం తప్పదనిపిస్తే వేళ మించకముందే ఫోను చేయండి. సభ పెట్టినవారు పదిమందే వచ్చినా చెప్పిన వేళకు మొదలుపెట్టండి. లేకపోతే వేళకు వచ్చినవారికే శిక్ష పడుతుంది.

ఇప్పుడు మా మిత్రుడి ప్రశ్నకు వస్తాను. గేటు లేకపోయినా మనకు వేళలు ఉన్నాయి. షుగరు మాత్రకు, భోజనానికి వేళ ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో, 80 ఏళ్ళు నిండినవారికి అక్టోబరు 1 నుంచే. ఇ.పి.ఎఫ్. పింఛను తీసుకునేవారికి ఇచ్చిన నాటి నుంచి ఏడాది. ఆఖరి రోజు దాకా ఆగి బ్యాంకు వరుసలో నిలబడడం మన మోకాళ్ళకు మంచిది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. మనకు ఎనిమిది గంటలకొక రిలీవరు ఉండేవాడు. మన ఇంట్లో ఆడవాళ్ళకు ఏనాడూ రిలీవరు లేడు. పన్నెండున్నరకు వండి, కబుర్లు ముగించుకుని రెండున్నరకు వచ్చే మన కోసం ఆకలితో కూర్చుంటారు. కొందరు ఇంకో విధంగా ఉంటారు. తాము ఏ వేళకు వచ్చినా ఫరవాలేదు, కాఫీ మాత్రం అయిదింటికి చేతిలో ఉండాలి. కోడలు రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే ఇల్లు దద్దరిల్లాలి. అది సమయపాలన కాదండీ. సమయపాలన మనం ఎదుటివారికి చెల్లించవలసిన బాకీ, వారి దగ్గర వసూలు చేసేది కాదు.

ఉద్యోగంలో ఉండగా ఆలస్యమైతే జీతంలో కోత పడేది. ఇప్పుడు కోసేవారు లేరు. భయం పోయాక కూడా నిలిచేదే అలవాటు. మన కోసం ఎక్కడో ఒకరు గడియారం చూస్తున్నారని గుర్తుంచుకుంటే చాలు.

 నాకు కేటాయించిన వేళ మించకముందే సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.